గాలితో చల్లబడే పాత బండికి ఏ ఆయిల్ పోయాలి?

(విశాఖపట్నంలో పాత మోటార్‌సైకిళ్లు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బయట వరసగా నిలబెట్టిన బళ్లన్నీ చూసి లోపలికి వచ్చాను. కాస్ట్ ఐరన్ బుల్లెట్లున్నాయి, సీడీ హండ్రెడ్లు, తొలినాటి స్ప్లెండర్లు ఉన్నాయి, ఒకట్రెండు ఆర్‌ఎక్స్ హండ్రెడ్లు, ఓ యెజ్డీ కూడా కనపడింది. ఒక్కో బండినీ ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో ఇంజన్ చుట్టూ రేకుల్లా ఉండే ఆ ఫిన్నుల మధ్య శుభ్రం చూస్తేనే తెలిసిపోతోంది.

నా ఉద్యోగమంతా యంత్రాలకు లూబ్రికేషన్ చూడ్డంలోనే గడిచింది. అందుకని ఎవరు కనపడినా ఒకటే అడుగుతారు, "ఏ కంపెనీ ఆయిల్ మంచిదండీ?" అని. సర్వో పోయమంటారా, హెచ్‌పీ రేసర్ పోయమంటారా, క్యాస్ట్రాలా, మోటులా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు నేనొకటి అడుగుతాను. మీ బండిలో ఒకే ఆయిల్ మీద ఎన్ని భాగాలు బతుకుతున్నాయి? ఇది తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. ఇది తెలియకుండా ఎంత ఖరీదైన డబ్బా కొన్నా లాభం లేదు.

స్ప్లెండర్ తీసుకోండి. ఇంజన్, క్లచ్, గేర్లు మూడూ ఒకే కేసులో ఉంటాయి. లీటరు లోపు ఆయిల్ ఆ మూడింటికీ సరిపోవాలి. పిస్టన్‌కు, వాల్వులను తెరిచే క్యామ్‌కు జారుడు కావాలి. క్లచ్ ప్లేట్లకేమో పట్టు కావాలి, అవి జారితే బండి కదలదు. గేర్ల పళ్ల మధ్య ఆయిల్ పొర ఎంత నలిగినా చిట్లకూడదు. ఒకదానికి జారాలి, ఇంకోదానికి పట్టాలి. ఈ మూడూ ఒక్క నూనె చేతే చేయించాలంటే అది కారు ఆయిల్ వల్ల కాదు. మోటార్‌సైకిల్‌కని విడిగా ఆయిల్ తయారవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పాత బుల్లెట్ చూడండి. 1955లో మద్రాసు తిరువొత్తియూర్‌లో మొదలై, 2010 ప్రాంతం దాకా అదే కాస్ట్ ఐరన్ ఇంజన్ నడిచింది. అందులో మూడు గదులు, మూడింటికీ వేర్వేరు నూనెలు. ఇంజన్‌కు రెండు లీటర్ల పైచిలుకు ఆయిల్ ఒకచోట, ఎడమవైపు ప్రైమరీ చైన్ కేసులో క్లచ్, చైను ఒకచోట, వెనక గేర్‌బాక్స్ ఇంకోచోట. ఇంజన్ ఆయిల్ క్లచ్ ముఖం కూడా చూడదు. కాబట్టి స్ప్లెండర్ యజమాని దేనికి భయపడాలో దానికి కాస్ట్ ఐరన్ బుల్లెట్ యజమాని ఇంజన్ దగ్గర భయపడక్కర్లేదు. కానీ ప్రైమరీ కేసులో మాత్రం భయపడాలి, అక్కడ క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి కనుక. తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్) బుల్లెట్‌లో స్ప్లెండర్‌లాగే అన్నీ కలిసిపోయాయి. దానికి కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ50, ఈ అంకెల అర్థం కాసేపట్లో చెబుతాను. పేరు బుల్లెట్టే అయినా, ఈ రెండింటికీ ఒకే సలహా ఇచ్చే మెకానిక్ మాట వినకండి.

ఇక వేడి సంగతి. నీళ్లతో చల్లబడే ఇంజన్లో థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి వేడిని ఒక హద్దులో ఉంచుతాయి. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఆ కాపలా లేదు. బండి కదిలితేనే గాలి, గాలి తగిలితేనే చల్లదనం. మిగిలిన వేడంతా మోసుకుపోవాల్సింది ఆయిలే. హెడ్‌లో వాల్వుల దగ్గర, పిస్టన్ కింద వేడిని అందుకుని కిందికి తెచ్చి, కేసు గోడల గుండా బయటికి వదిలేది అదే. పాత ఇంజన్లలో పిస్టన్‌కు, అది కదిలే గొట్టం, అంటే బోరుకు మధ్య ఖాళీ కూడా కాస్త ఎక్కువే ఉంచుతారు, వేడికి పిస్టన్ వ్యాకోచిస్తే పట్టేయకుండా. ఆ ఖాళీని నింపి ఉంచే పొర వేడిలో మరీ పల్చబడిపోకూడదు.

మన ఊళ్లో ఈ వేడి ఎక్కడ ఎక్కువవుతుంది? మధ్యాహ్నం భీమిలి రోడ్డు మీద బండి హాయిగా పోతుంది. గాలి బాగా తగులుతుంది, ఎండ ఎంతున్నా ఇంజన్‌కు ఇబ్బంది లేదు. మే నెలలో గాజువాక నుంచి ఎన్‌ఏడీ దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో మొదటి గేరు, రెండో గేరు మీద పాకించండి, అప్పుడు తెలుస్తుంది. ఇంకా గట్టి పరీక్ష అరకు ఘాట్. శృంగవరపుకోట దాటాక ఎక్కడం మొదలైతే, వెనక మనిషి, సామానుతో, తక్కువ వేగంతో, ఎక్కువ లోడుతో దాదాపు 900 మీటర్ల ఎత్తుకు చేరాలి. ఇంజన్ కష్టం ఎక్కువ, తగిలే గాలి తక్కువ. ఎక్కేటప్పుడు పికప్ తగ్గినట్టు, వాల్వుల దగ్గరి ట్యాపెట్ చప్పుడు పెరిగినట్టు, న్యూట్రల్ దొరకనట్టు అనిపిస్తే ఆయిల్ పల్చబడిందని బండి చెబుతోందన్నమాట. పది నిమిషాలు ఆపి టీ తాగండి. అది ఇంజన్‌కు చేసే ఉపకారమే.

ఇప్పుడు డబ్బా చేతిలోకి తీసుకుందాం. ముందువైపు ఉండే ఎర్ర రంగులు, మెరుపులు వదిలేసి వెనక్కి తిప్పండి. మొదట చూడాల్సింది 20డబ్ల్యూ50, 10డబ్ల్యూ30 లాంటి అంకె. డబ్ల్యూ ముందున్నది చలికి సంబంధించినది. 20డబ్ల్యూ ఆయిల్‌ను చలిలో ఇంజన్ తిరగ్గలదా అని పరీక్షించేది సున్నాకు 15 డిగ్రీల దిగువన. 10డబ్ల్యూని 25 డిగ్రీల దిగువన. విశాఖలో ఎంత చలి రాత్రైనా పది డిగ్రీలకు దిగడమే గగనం. కాబట్టి ఆ ముందు అంకె గురించి ఇక్కడ టెన్షన్ పడక్కర్లేదు. మనకు పనికొచ్చేది వెనక అంకె. అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. సెంటీస్టోక్స్ అనే కొలతలో 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. అంటే 40 డబ్బాల్లోనే ఒకటి ఇంచుమించు 30 లాగా, ఇంకొకటి 50 లాగా ఉండొచ్చు. రెండు కంపెనీల 20డబ్ల్యూ40 ఒకేలా అనిపించకపోతే అది మీ భ్రమ కాదు.

కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజన్‌కు మన వాతావరణంలో 20డబ్ల్యూ50 నిశ్చింతగా పోయండి. పల్సర్ లాంటివాటికీ కంపెనీ చెప్పేది అదే. స్ప్లెండర్‌కు ఇప్పుడు కంపెనీ 10డబ్ల్యూ30 అంటుంది. ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే అదే పోయండి. చిన్న ఇంజన్, సన్నటి దారులు, మైలేజీ కూడా దక్కుతుంది. బండి బాగా తిరిగిపోయి, ఇద్దరు ఎక్కి కొండలెక్కే అలవాటుంటే 20డబ్ల్యూ40కి మారడంలో తప్పులేదని నా అభిప్రాయం. కానీ స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ50 పోయమని చెప్పేవారు ఎక్కువయ్యారు, అది నాకు నచ్చదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు అంకెకూ వెనక అంకెకూ మధ్య దూరం పెరిగేకొద్దీ ఒక సమస్య ఉంది. మామూలు మినరల్ ఆయిల్‌ను వేడిలో పల్చబడకుండా ఆపడానికి అందులో పాలిమర్లు కలుపుతారు. అవి పొడుగాటి అణువులు. ఇంజన్, గేర్లు కలిసి ఉన్న బండిలో గేరు పళ్లు వాటిని రోట్లో వేసి నూరినట్టు తెంపేస్తాయి. పోసినప్పుడు 50గా ఉన్నది కొన్నాళ్లకు 40 దగ్గరికి దిగిపోతుంది. నల్లబడ్డం చూసి ఆయిల్ పోయిందనుకుంటాం గానీ, నలుపు మురికిని పట్టుకుందనడానికి గుర్తు, అంటే అది పని చేస్తున్నట్టే. చిక్కదనం పోవడం కంటికి కనపడదు. గేరు మారేటప్పుడు కాలికి తెలుస్తుంది. కొత్తగా పోసినప్పుడు మెత్తగా పడిన గేరు, ఇప్పుడు టక్కుమని పడుతోందంటే మార్చే టైమొచ్చింది.

రెండోది జాసో గుర్తు, జాసో అంటే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ. ఇది క్లచ్ కోసం. 1990ల్లో కార్ల మైలేజీ పెంచడానికి ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు, ముఖ్యంగా మాలిబ్డినం రకాలు, కలపడం పెరిగింది. కారు క్లచ్ పొడిగా బయట ఉంటుంది కనుక దానికి నష్టం లేదు. మోటార్‌సైకిల్ క్లచ్ ఆయిల్‌లోనే ఉంటుంది, అది జారడం మొదలుపెట్టింది. దాంతో జపాన్‌వాళ్లు 1998లో జాసో టీ903 అనే ప్రమాణం తెచ్చారు. ఎంఏ అంటే క్లచ్‌కు పట్టు ఉన్న ఆయిల్. 2006లో దాన్ని ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. ఎంఏ2కి పట్టు ఎక్కువ. ఎంబీ అంటే రాపిడి తక్కువ, అది గేర్లు లేని స్కూటర్లకు. అందుకే ఇంట్లో స్కూటర్ కోసం కొన్న ఎంబీ డబ్బాలో మిగిలిన ఆయిల్‌ను స్ప్లెండర్‌లో పోయకండి. డబ్బా వెనక చిన్న గడిలో జాసో పేరు, ఒక కోడ్ నెంబరు, ఎంఏ అనో ఎంఏ2 అనో ఉంటే ఆ ఆయిల్ నమోదైందని అర్థం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే గుండ్రటి ఏపీఐ గుర్తు కింది భాగంలో "రిసోర్స్ కన్జర్వింగ్" అని గానీ "ఎనర్జీ కన్జర్వింగ్" అని గానీ ఉందా, అది కారుది. తడి క్లచ్ ఉన్న బండికి వద్దు.

ఏపీఐ గ్రేడు గురించి పాత బండి ప్రేమికుల్లో ఒక భయం ఉంది. ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, ఇలా కొత్తవి వచ్చేకొద్దీ అరుగుదల ఆపే జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారని, పాత క్యామ్‌లు అరిగిపోతాయని. అందులో నిజం కొంత ఉంది. కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్‌కు హద్దు పెట్టారు. 2004లో ఎస్‌ఎం వచ్చినప్పుడు దాన్ని 0.08 శాతానికి దించారు. కానీ ఆ హద్దు 30, అంతకంటే పల్చటి గ్రేడులకు. 20డబ్ల్యూ50కి ఆ హద్దు వర్తించదు. మోటార్‌సైకిల్‌కని తయారుచేసిన 20డబ్ల్యూ50 ఎస్‌ఎల్ అయినా ఎస్‌ఎన్ అయినా మీ బుల్లెట్ క్యామ్‌కు ఢోకా లేదు. జింకు సీసాలు విడిగా కొని కలపడం అనవసరం.

మినరలా, సింథటిక్కా? నా మాట సూటిగా చెబుతాను. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు మంచి మినరల్ ఆయిల్, తరచూ మార్పు. దానికి ఉన్నది ఫెల్టు ఫిల్టరు. నేటి పేపర్ ఫిల్టరంత సన్నగా వడకట్టదు. బిగ్ ఎండ్‌లో అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంకుకు తగులుకునే చోట, ఫ్లోటింగ్ బుష్ అనే వదులుగా తిరిగే లోహపు గొట్టం ఉంటుంది, దానికి చిక్కదనం కంటే కూడా శుభ్రమైన ఆయిల్ ముఖ్యం. సన్నటి రాపిడి పొడి తిరుగుతుంటే ఎంత ఖరీదైన సింథటిక్ అయినా దాన్ని కాపాడలేదు. సింథటిక్ డబ్బుతో రెండుసార్లు మినరల్ మార్చవచ్చు, మార్చిన ప్రతిసారీ ఆ పొడి బయటికి పోతుంది. స్ప్లెండర్‌లో కూడా పేపర్ ఫిల్టరు లేదు, జాలీ ఒకటి, గిర్రున తిరిగి మురికిని గోడకు విసిరే రోటర్ ఒకటి. ఆ రోటర్ విప్పి తుడిచినవాళ్లు మనలో ఎంతమంది? లోపల గోడకు నల్లటి మైనంలా గట్టిపడిన పొర కనపడుతుంది. అది ఒకసారి చూస్తే ఆయిల్ మార్చకుండా ఇన్నాళ్లు నడపాలని ఇంకెప్పుడూ అనిపించదు. అయితే రోజూ అరకు, పాడేరు వైపు తిరిగేవారికి, వేడిలో నిలబడ్డంలో సింథటిక్ నిజంగా మెరుగే. సెమీ సింథటిక్ ఆ మధ్య రాజీ.

ఇప్పుడు బుల్లెట్‌వాళ్లు కాస్త చెవి ఇటు పడేయండి. బండి రాత్రంతా నిలబడితే, ఇంజన్ కేసులోని ఆయిల్ ట్యాంకు గదిలో ఉండాల్సిన ఆయిల్ మెల్లగా పంపు గుండా కిందికి, క్రాంకు ఉన్న చోటికి జారుతుంది. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూస్తారు. కింది గీత కంటే తక్కువ. అయ్యో అని అరలీటరు పోస్తారు. బండి స్టార్ట్ చేయగానే రిటర్న్ పంపు కింద చేరిందంతా మళ్లీ ట్యాంకులోకి తోడుతుంది. ఇప్పుడు ఆయిల్ ఎక్కువైంది. ఎక్కువైంది ఎక్కడికి పోవాలి? ఇంజన్ లోపలి గాలిని వదిలే బ్రీదర్ పైపు గుండా బయటికి. చైను మీద, చక్రం మీద, కొన్నిసార్లు వెనక టైరు మీద. తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు అది ప్రాణానికే ముప్పు. ఆ యజమాని ఏమనుకుంటాడు? నా బుల్లెట్ ఆయిల్ తాగుతోంది, లీకవుతోంది, ఇంకా చిక్కటి ఆయిల్ పోయాలి అని. సమస్య ఆయిల్‌లో లేదు, కొలిచిన సమయంలో ఉంది. బండిని ఓ పది నిమిషాలు నడిపి, నిటారుగా సెంటర్ స్టాండు వేసి, ఆపిన వెంటనే చూడాలి. స్ప్లెండర్‌కు పద్ధతి వేరు. కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ మరతిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి.

ఆ బుల్లెట్ మిగతా రెండు గదుల సంగతి కూడా చెప్పేస్తాను. ప్రైమరీ కేసులో క్లచ్‌కు పడే ఆయిలే పోయాలి. చాలామంది అనుభవజ్ఞులు ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే నూనె, వాడతారు, బాగానే పనిచేస్తుంది. గేర్‌బాక్స్‌కు ఈపీ90 అనే గేర్ ఆయిల్ అడిగితే కొట్టువాడు చేతికందిన డబ్బా ఇస్తాడు. దాని మీద గేర్ ఆయిల్ రకం చెప్పే చోట జీఎల్4 అని ఉందో జీఎల్5 అని ఉందో చూడండి. ఆ గేర్‌బాక్స్‌లో కంచు బుష్‌లు ఉంటాయి, జీఎల్5లోని గంధకపు మందులు కొన్ని కంచును తినేస్తాయి. జీఎల్4 తీసుకోండి.

మన ఊరి ఉక్క గురించి కూడా చెప్పాలి. ఎంవీపీ కాలనీ నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి ఇంటికి, రోజంతా రెండేసి కిలోమీటర్లు. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తున్నాం. పెట్రోలు మండితే పుట్టే నీటి ఆవిరిలో కొంత రింగుల పక్క నుంచి కిందికి దిగుతుంది. ఆయిల్ సరిగ్గా కాగితే అది ఎగిరిపోతుంది, కాగకపోతే అక్కడే చేరుతుంది. ఆయిల్ మూత విప్పితే లోపల మజ్జిగ రంగు నురగ కనపడితే అదే. వారానికోసారైనా ఓ అరగంట బండిని ఆపకుండా నడపండి, రుషికొండ దాకా వెళ్లి రండి. బండి నెలల తరబడి ఆపాలంటే, ఆపే ముందే ఆయిల్ మార్చండి. పాత ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు, నీరు బేరింగుల మీద కూర్చుని తుప్పు పట్టిస్తాయి.

ఇందాక వాయిదా వేసిన మాట, స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ50 సంగతి. ఇంజన్ బోరుకొచ్చింది, అంటే అరిగిపోయింది, పొగ వస్తోంది, చప్పుడు వస్తోంది. మెకానిక్ చిక్కటి ఆయిల్ పోస్తాడు, కొన్నాళ్లు పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. యజమాని సంతోషపడతాడు. లోపల రింగు అరుగుతూనే ఉంది, ఇప్పుడు చప్పుడు కూడా చేయడం లేదు. పైగా సన్నటి దారుల కోసం తయారైన ఇంజన్లో చిక్కటి ఆయిల్ స్టార్టింగులో హెడ్ దాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది, క్యామ్ ఆ కాసేపూ ఎండిపోతుంది. అరిగింది బాగుచేయించుకోండి. రెండు నెలలు వాయిదా పడ్డ రింగుల ఖర్చు, బోరు ఖర్చుగా మారుతుంది.

కొనేటప్పుడు లూజు ఆయిల్ జోలికి పోవద్దు. సీలు, బ్యాచ్ నెంబరు, తయారీ తేదీ చూడండి. ఖాళీ డబ్బాను కోసేసి పారేయండి, లేకపోతే అదే డబ్బా నకిలీ ఆయిల్‌తో మళ్లీ కొట్టుకు చేరే ప్రమాదముంది. దించిన ఆయిల్‌ను కాల్వలో పోయకండి. మన కాల్వలన్నీ సముద్రంలోకే పోతాయి. సర్వీస్ సెంటర్లో డ్రమ్ము ఉంటుంది, అందులో పోయించండి. నమోదైన రీసైక్లింగ్ యూనిట్లు దాన్ని శుద్ధి చేస్తాయి. పాత ఆయిల్ చైనుకు రాసే అలవాటు కూడా మానేయండి, అందులో ఉండేది రాపిడి పొడి, చైను ఇంకా తొందరగా అరుగుతుంది.

మీ ప్రశ్నలు రెండు మూడు తీసుకుంటాను.

చలికాలం లంబసింగి వెళ్తే 20డబ్ల్యూ50 మార్చాలా అని ఆ తమ్ముడు అడిగాడు. అక్కర్లేదమ్మా. అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగినా, ఆ ఆయిల్‌ను పరీక్షించిన చలికి అది చాలా దూరం. పొద్దున్నే ఇగ్నిషన్ వేయకుండా రెండు మూడు కిక్కులు మెల్లగా తిప్పు, స్టార్ట్ అయ్యాక ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచి, మొదటి కిలోమీటరు రేజ్ చేయకుండా నడుపు. చాలు.

లారీల డీజిల్ ఆయిల్, 15డబ్ల్యూ40, పోయొచ్చా? కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజన్లో పోస్తున్నవారు ఉన్నారు, మురికి కడిగే మందు అందులో ఎక్కువ, అక్కడ క్లచ్ లేదు కనుక ఇబ్బంది రాదు. కానీ ఏళ్ల తరబడి కడగని ఇంజన్లో అది గోడల మురికినంతా ఒకేసారి వదిలిస్తుంది, కాబట్టి మొదటిసారి త్వరగా దించేయాలి, ఫెల్టు మార్చాలి. క్లచ్ కలిసి ఉన్న బళ్లకైతే డబ్బా మీద జాసో ఎంఏ ఉంటే తప్ప వద్దు.

ఆర్‌ఎక్స్ హండ్రెడ్ గురించి అడిగిన బాబుకు: నీ బండికి రెండు నూనెలు. పక్కనున్న చిన్న ట్యాంకులో పోసే టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది, దానికి జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ తీసుకో, పొగ, మసి తక్కువ. గేర్లకు, క్లచ్‌కు విడిగా కేసులో పోసేది వేరు, అక్కడ ఫోర్‌స్ట్రోక్ బైకులకు వాడే ఎంఏ రకం ఆయిలే పోయాలి. టూటీ కాలిపోయి అయిపోతుంది కనుక దాన్ని అందరూ గుర్తుపెట్టుకుని పోస్తారు. గేర్ ఆయిల్ అయిపోదు కనుక ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతుంది. నీ బండిలో చివరిసారి ఎప్పుడు మార్చారో తెలియకపోతే, ఇంటికెళ్లి ఇంజన్ వేడిగా ఉండగానే ఆ డ్రైన్ బోల్టు విప్పు.